బాబాయి జేబులో బెల్లం

మా బాబాయి చొక్కా జేబులో ఎప్పుడూ బెల్లంముక్క ఉండేది. సముద్రం ఒడ్డున తవ్విన తెల్ల ఇసకను పొడిచేసే మిల్లులో ఆయనకు పని. మూతికి గుడ్డముక్క కూడా ఇవ్వని ఆ మిల్లు, పని దిగేటప్పుడు మాత్రం తలా ఇంత బెల్లం పెట్టేది. "ఇది తింటే గొంతులో దుమ్మంతా కడుపులోకి దిగిపోతాదిరా," అంటూ నాకూ కాస్త తుంచి పెట్టేవాడు.

ఆయాసం ముదిరాక ఆయన్ని నెల్లూరు తీసుకెళ్లాను. డాక్టరుగారు ఎక్స్‌రే చూసి, "ఇది ఇసక దుమ్ముతో వచ్చిన జబ్బు. పనిచేసేచోట దుమ్ము ఇంతకు మించకూడదని చట్టం ఉంది. ఈ జబ్బు కనబడితే నేను ప్రభుత్వానికి తెలియజేయాలి," అన్నారు.

బాబాయి ఆయన చెయ్యి పట్టుకున్నాడు. "మిల్లు మీదకి తేవద్దు సారూ. తప్పు నాదే. షుగరొచ్చిందని బెల్లం మానేసినాను," అన్నాడు, మాటమాటకీ ఊపిరి వెతుక్కుంటూ.

డాక్టరుగారు తెలియజేశారు. అధికారులు వచ్చి దుమ్ము కొలిచి వెళ్లారు. ఆరోజు మిల్లు తిప్పలేదు.

బాబాయి పెద్దకర్మకు, పాయసంలోకని మిల్లువాళ్లు బుట్టెడు బెల్లం పంపారు. పిన్ని గడపలోనే అడ్డం నిలబడింది.

"తీసకపోండి. ఆయన తినింది చాలు."