కంప్యూటరు మీద నేర్పిన డ్రైవింగు

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో నన్ను మేడ్చల్‌కు మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరుగా బదిలీ చేశారు. జనం నోట మేము బ్రేకు ఇన్‌స్పెక్టర్లం. లైసెన్సుకు వచ్చిన వాళ్ల చేత ముందు మైదానంలో, తర్వాత రోడ్డు మీద బండి నడిపించి చూడటం మా పని.

ఒకనాడు అలియాబాద్ నుంచి పద్మ అనే ఆవిడ టెస్టుకు వచ్చింది. శామీర్‌పేటలో ఒక డాక్టరమ్మ తన కారుకు ఆడమనిషే డ్రైవరుగా కావాలనుకుని, ఆమెను పెట్టుకుంటానని మాటిచ్చింది. ఆ వారంలో లైసెన్సు చూపిస్తేనే ఉద్యోగం. మైదానంలో పద్మ నడిపిన తీరు చూసి ముచ్చటపడ్డాను. క్లచ్ వదిలితే కుదుపు లేదు, గేరు మార్చడంలో తడబాటు లేదు. ఆ ధీమాతో కరీంనగర్ రోడ్డెక్కించాను. ఎక్కగానే బండిని కుడి పక్కకు తీసుకుని అటే పోనిచ్చింది. ఎదురుగా ఇసుక లారీ. బండి ఆమె నేర్చుకున్న డ్రైవింగు స్కూలుది; అలాంటి బండ్లలో పక్క సీటు దగ్గర కూడా ఒక బ్రేకు ఉంటుంది. అది తొక్కి, స్టీరింగు లాగి బతికి బయటపడ్డాం. లారీవాడు తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను.

"నాకు నేర్పినట్టే నడిపిన గద సార్," అంది పద్మ.

నేరుగా ఆ స్కూలుకే పోయాను. గదిలో ఒక కంప్యూటరు, దానికి తగిలించిన స్టీరింగు, పెడళ్లు, తెర మీద కారు ఆట. పాఠాలన్నీ దాని మీదేనట! పెట్రోలు దండగని యజమాని కారును టెస్టు ముందు మాత్రమే, అదీ మైదానం దాకే, బయటికి తీస్తాడట. యజమాని సిగ్గుపడలేదు సరికదా, నాకే పాఠం చెప్పాడు.

"గిది ఉత్త ఆట గాదు సార్, అచ్చం అసలు బండే. క్లచ్ జల్దీ ఇడిస్తె ఇంజన్ బందైతది. బురదల టైర్ జారుతది."

కూర్చుని చూశాను. ఇంజను ఆగింది, టైరు జారింది. చేసినవాళ్ల పనితనాన్ని తప్పుపట్టను. కానీ అవి పరాయి దేశపు రోడ్లు, అక్కడ బండ్లన్నీ కుడి పక్కనే పోతాయి. చూపంతా క్లచ్ మీద ఉన్న మనిషి చేతులు అలవాటైన పక్కకే తిరుగుతాయి. ఆ సంగతి ఎందుకు చెప్పలేదని నిలదీశాను.

"రోడ్డుదేముంది సార్, ఎక్కితె అదే తెలుస్తది," అన్నాడు.

నా ఒళ్లు మండిపోయింది.

నియమం ప్రకారం పద్మను ఫెయిల్ చేశాను. వారం దాకా మళ్లీ టెస్టు లేదు. డాక్టరమ్మ వేరే మనిషిని పెట్టుకుంది. స్కూలు మీద నేను పంపిన రిపోర్టుకు పైవాళ్లు ఒక హెచ్చరికతో సరిపెట్టారు. నెల తిరగకుండానే ఆ యజమాని తన బోర్డు మీద 'కంప్యూటర్ శిక్షణ కలదు' అని కొత్తగా రాయించుకున్నాడు.

అప్పటి నుంచి రిటైరయ్యేదాకా, టెస్టుకు వచ్చిన వాళ్లను ఏ రోడ్డు మీద నేర్చుకున్నారని ముందే అడిగేవాణ్ణి. జవాబు చెప్పలేని వాళ్లను నేర్చుకుని రమ్మని వెనక్కి పంపేవాణ్ణి. మా శాఖ పెట్టే టెస్టులో నేర్పినవాడికి మార్కులుండవు. తప్పు వాడిదైనా ఫెయిలయ్యేది నేర్చుకున్న మనిషే.