అన్నం ముందర ప్రార్థన

మా ఆయన పని పోయిన రోజు మధ్యాహ్నం కాకముందే ఇంటికి వచ్చేశాడు. ప్రొద్దుటూరులో చీరల అంగడిలో సేల్స్‌మన్ ఆయన. జ్వరమొచ్చినా సరే, దీపాలు పెట్టాక తప్ప ఇంటి మొహం చూసే మనిషి కాదు. అలాంటిది పొద్దున నేను కట్టిచ్చిన క్యారియర్ విప్పకుండానే తెచ్చి వంటింటి గట్టు మీద పెట్టాడు.

"ఏమయ్యా, ఒళ్ళు బాగలేదా?" అని నుదురు తాకి చూశాను.

"బాగానే ఉండా. ఓనరు పెద్దాయన అంగడిని కొడుకు చేతికిచ్చినాడు. ఆ పిల్లోనికి వయసు పిల్లలు కావాలంట. రేపట్నుంచి రావద్దన్నారు."

ఏదో చీర ధర చెప్పినంత మామూలుగా చెప్పాడు. ఇంటర్ చదివే కూతురు, బాడుగ ఇల్లు, ఈ వయసులో పని పోయిన మొగుడు. నిలబడ్డ చోటే కూర్చుండిపోయాను.

మా ఇంటి అలవాటొకటి చెప్పాలి. మాది ప్రభువును నమ్ముకున్న ఇల్లు. అన్నం ముందర మా ఆయన ప్రార్థన చేయందే ఎవరమూ ముద్ద ముట్టం. ఆయన ప్రార్థన చేస్తుంటే మా సంఘంలో దగ్గేవాళ్ళు కూడా దగ్గు ఆపుకుంటారు. ఎవరింట్లో ప్రార్థన కూడిక పెట్టుకున్నా పాస్టరుగారి తర్వాత ఆయన్నే చేయమంటారు. ఇంట్లోనూ పొడుగు ప్రార్థనే. పప్పు చల్లారిపోతోందని నేను సణుగుతుంటే, "నీకెప్పుడూ పప్పు ధ్యాసే" అని నవ్వేవాడు.

ఆ మధ్యాహ్నం క్యారియర్‌లో అన్నమే ఇద్దరికీ వడ్డించాను. చేతులు జోడించి, "దయగల తండ్రీ" అన్నాడు. అంతే. ఆ తర్వాత మాట రాలేదు. చివరికి నేనే ఆమెన్ అనేశాను. ఆయన ఆకలి లేదని లేచి, చొక్కా తగిలించుకుని బయటికి వెళ్ళిపోయాడు.

అప్పట్నుంచి అదే వరస. "యాడికి పోతాండావు?" అంటే ఒకరోజు పులివెందుల అనేవాడు, అరటికాయల మండీలో గుమాస్తా కావాలంటున్నారని. ఇంకోరోజు జమ్మలమడుగులో బట్టలంగళ్ళు అనేవాడు. సరిగ్గా మేము కంచాలు పెట్టుకునే వేళకు బండి తీసేవాడు. మేము తిన్నాక వచ్చేవాడు. అన్నం పెట్టనా అంటే, "తినే వచ్చినాలే" అనేవాడు. "నాయన మనతో ఎందుకు తినడంలేదు మా?" అని కూతురు అడిగితే, పని దొరకనీ అన్నీ సర్దుకుంటాయని దాని నోరు మూయించాను.

ఒకనాడు బీరువా తెరిచి, బ్యాంకు పుస్తకం ఏ అరలో ఉందో, అమ్మాయి సర్టిఫికెట్లు ఎక్కడున్నాయో నాకు చూపించాడు.

"ఇదంతా నాకిప్పుడెందుకు?"

"తెలిసుండాల కదా."

నాకెందుకు తెలిసుండాలి? అడగాలనుకున్నాను. అడిగితే ఏం చెబుతాడోనన్న భయంతో అడగలేదు.

ఆ వారమే సంఘంలో ఒక పెద్దామె ఇద్దరు ఆడవాళ్ళను వెంటబెట్టుకుని మమ్మల్ని ఓదార్చడానికి వచ్చింది. పాటయింది, ప్రార్థనయింది. చివర్లో నా చెయ్యి పట్టుకుని, "తెలిసో తెలీకో ఏమన్నా తప్పు జరిగుంటే ఒప్పుకోండమ్మా. దేవుడు దారి చూపిస్తాడు" అంది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఆయన చేసిన తప్పేందక్కా? ముసలోడు కావడమా? ఆ తప్పు నువ్వూ చేస్తాండావు కదా!" అనేశాను.

టీ తాగకుండానే వెళ్ళిపోయారు. పోతే పోనీ అనుకున్నాను గానీ, వాళ్ళటు వెళ్ళగానే భయం పట్టుకుంది. ప్రార్థన చేయడానికి వచ్చినవాళ్ళను తరిమేశానే, దేవుడికి కూడా నా మీద కోపమొస్తే మాకింక దిక్కెవరు?

మర్నాడు మధ్యాహ్నం మా చెల్లెలి మొగుడు ఫోన్ చేశాడు. జమ్మలమడుగులో ఆటో నడుపుతాడు. "వదినా, అన్నకు పనేమన్నా దొరికిందా ఈడ? మొన్నా, నిన్నా మైలవరం డ్యాము కట్ట మీద ఒక్కడే కూచోనుండె. ఇప్పుడూ ఆడే ఉండాడు. పలకరిస్తే మొగం తిప్పుకున్యాడు."

మా ఆయనకు ఈత రాదు. పెన్నలో మోకాలి లోతు నీళ్ళున్నా దిగేవాడు కాదు. అలాంటి మనిషికి డ్యాము కట్ట మీద ఏం పని? పొయ్యి మీద కూర ఆపానో లేదో కూడా గుర్తులేదు. కట్టుకున్న చీరతోనే బస్టాండుకు పరుగెత్తాను.

జమ్మలమడుగు బస్సు ఆ రోజు కదిలినట్టే అనిపించలేదు. చేయెత్తిన ప్రతివాడి దగ్గరా ఆపుతున్నాడు. డ్రైవరును తిట్టాను మనసులో, అంగడి పిల్లోణ్ణి తిట్టాను, పెద్దామెను తిట్టాను, మా ఆయన్ను తిట్టాను. చివరికి దేవుణ్ణి కూడా వదల్లేదు. ప్రార్థన చేద్దామంటే ఒక్క మాట కుదరలేదు. పక్కనున్నామె నా వాలకం చూసి నీళ్ళ సీసా ఇచ్చింది. మూత తీయడం కూడా చేతకాలేదు నాకు.

నేను వస్తున్నానని చెప్పడంతో, బస్సు దిగేసరికి చెల్లెలి మొగుడు ఆటోతో ఎదురుగా ఉన్నాడు. నేరుగా మైలవరం తీసుకెళ్ళాడు. కట్ట దగ్గర దిగి పైకెక్కాను. మొదట బండి కనబడింది. బండి పక్కన మనిషి లేడు. ఇంకో నాలుగడుగులు వేస్తే, కట్టకు అవతలి వాలులో, రాళ్ళ మీద కూర్చుని కనబడ్డాడు. ఒళ్ళో కాగితం పొట్లం పెట్టుకుని బొరుగులు తింటున్నాడు.

నాకు ఏడుపూ కోపమూ ఒక్కసారే వచ్చాయి. "ఇంట్లో అన్నం వండిపెట్టి కుక్కల్లా కాచుకోనుంటే, ఈడ బొరుగులు తింటాండావా! ఎంత భయపడినానో తెలుసా? నువ్వు నీళ్ళలో..." అని ఆగిపోయాను.

ఛీ, అట్లా అనుకున్నావా అని తిడతాడనుకున్నాను. తిట్టలేదు. పొట్లం మడిచి పక్కన పెట్టాడు.

"మొదటిరోజు దానికే వచ్చినా" అన్నాడు. "ఈడనే కూచున్యా. శానాసేపు కూచున్యాక ఆకలైంది. అట్లాంటప్పుడు గూడా మనిషికి ఆకలైతాదని నాకు తెలీదు. కింద అంగట్లో బొరుగులు కొనుక్కొని తిన్యా. తిన్యాక లేచి ఇంటికొచ్చినా."

ఆయన పక్కనే కూలబడ్డాను. "మరి రోజూ ఈడికెందుకు?"

"ఇంట్లో కంచం ముందర కూచుంటే ప్రార్థన చేయల్ల కదా. ఏమని స్తోత్రం చెప్పల్ల, పని పోయినందుకా? నోరు తెరిస్తే బిడ్డ ముందర ఏడుపొస్తాది. ఈడైతే ఎవురూ ప్రార్థన చేయమనరు."

"స్తోత్రం చెప్పమని ఎవురన్యారు? భయమైతాందని చెప్పు. తండ్రి అంటావు కదా, తండ్రికి భయం చెప్పకూడదా? ఏడుపొస్తే ఏడువు. బిడ్డ చూస్తే చూడనీ."

"నాతో కాదు. నువ్వు చెయ్యి" అని తల వంచి కళ్ళు మూసుకున్నాడు.

చేశాను. "ప్రభువా, మాకు భయమైతాంది. పని ఇచ్చినప్పుడు ఇద్దువులే. ఈ మనిషిని మాత్రం నాకిడిచిపెట్టు" అన్నాను. ఆయన భుజాలు కదిలిపోతుండగా ఆమెన్ అన్నాడు. బుద్ధెరిగినప్పటి నుంచి ఇన్ని ప్రార్థనలు చేశాను గానీ, కళ్ళు మూసుకోకుండా చేసింది అదొక్కటే. ఆయన చొక్కా గుప్పిట బిగించి పట్టుకుని, ఆయన్నే చూస్తూ చేశాను. రెప్ప వేస్తే ఆ మనిషి అక్కడ ఉంటాడో ఉండడోనని భయం.