పాత విండోస్‌లో బాపు

కట్టంగూర్‌లో హైవే పక్కన నాకొక ఫ్లెక్సీల దుకాణం ఉంది. డిజైన్ నేను చేస్తాను, ప్రింటు నల్లగొండ నుంచి వస్తుంది. పుట్టినరోజు, గృహప్రవేశం, సర్పంచ్‌కు శుభాకాంక్షలు, శ్రద్ధాంజలి, ఏదైనా నా కంప్యూటర్ మీదుగానే పోవాలి. మా బాపు నల్లగొండ దవాఖానలో పోయాడని ఫోన్ వచ్చినప్పుడు కూడా నేను ఎవరిదో పెళ్లి ఫ్లెక్సీ మీద పూలు అతికిస్తున్నాను. మౌస్ వదిలేసి, ఎక్కడిదక్కడ ఉంచి వెళ్లిపోయాను.

తర్వాత నాకు ఏడుపు రాలేదు. నిప్పుకుండ పట్టుకుని ముందు నడిచాను, తలకొరివి పెట్టాను, వచ్చినవాళ్లకు కుర్చీలు వేశాను. గట్టి గుండె అన్నారు. గట్టిదనం కాదది. పన్ను పీకించుకున్నాక దవడ ఎట్లా మొద్దుబారి ఉంటుందో లోపలంతా అట్లా ఉంది. నాకేమైనా అయిందా అని ఒకసారి అనుమానం వచ్చింది, అది కూడా ఎంతోసేపు నిలవలేదు.

దశదినకర్మ నాటికి రోడ్డు మీద ఫ్లెక్సీ ఉండాలి. మా దిక్కు అది లేకపోతే చచ్చిన మనిషిని ఎవరూ పట్టించుకోలేదనే అంటారు. అందులోనూ ఫ్లెక్సీలు చేసేవాడి తండ్రి. మూలకు కూర్చున్న అమ్మ ఒక్కటే అడిగింది.

“నవ్వేటి ఫోటో పెట్టు కొడుకా. నా కండ్లల్ల దవాఖానల మొఖమే మెదులుతాంది.”

నవ్వే ఫోటో ఒక్కటే ఉంది. ఒకరోజు బాపు దుకాణానికొచ్చి స్టూలు మీద కూర్చుంటే, కొత్త కెమెరా ఎట్లా పడుతుందో చూద్దామని తీసింది. అది కాకుంటే ఆధార్ ఫోటో. అందులో ఎవరో పట్టుకొచ్చి నిలబెట్టినట్టు ఉంటాడు.

“గా ఆధార్‌దే పెట్టురా. కొరివి పెట్టినోనివి, దినాలు కాకముందే దుకాణం తెరుస్తవా?” అన్నాడు చిన్నాయన, బాపు తమ్ముడు. నేను తాళంచెవి తీసుకుని బయలుదేరాను.

నా కంప్యూటర్‌లో రెండు విండోస్‌లు ఉంటాయి. పాతది తెలుగు అక్షరాల కోసం. నా చేతికి అలవాటైన ఫాంట్లు కొత్తదాంట్లో నడవవు. కొత్తది ఇంటర్నెట్ పనులకు. స్విచ్ వేయగానే ఏది కావాలో అడుగుతుంది, నా వేలు చూడకుండానే పాతదాన్ని నొక్కుతుంది. ఆ ఫోటో పాతదాంట్లోనే ఉంది, ఇంకెక్కడా లేదు.

ఆ రోజు అది నన్ను ఏమీ అడగలేదు. లేవడానికి ఏ డిస్కూ దొరకలేదని నల్లటి తెర మీద ఇంగ్లీషులో ఒక్క ముక్క చెప్పి ఊరుకుంది. ఆపి మళ్లీ వేశాను. అదే ముక్క.

పక్కన పంక్చర్ దుకాణమతను వచ్చి గడప దగ్గర నిలబడ్డాడు. “ఫార్మాట్ కొట్టాలేమో అన్నా,” అన్నాడు. మా ఊళ్లో కంప్యూటర్‌కు పడిశం పట్టినా ఫార్మాటే మందు. అది కొడితే ఉన్నదంతా తుడిచిపెట్టుకుపోతుంది, ఫోటోతో సహా. ఇంకోసారైతే అతన్ని కసిరేవాణ్ణి. ఆ రోజు కోపం కూడా రాలేదు.

డిలీట్ మీట నొక్కి సెటప్‌లోకి వెళ్లాను. విండోస్‌ల కంటే ముందు లేచేది అదే. తేదీ ఎంత, ఏ డిస్కు నుంచి లేవాలి, ఇవన్నీ అక్కడే గుర్తుంటాయి. చూస్తే తేదీ ఎన్నో ఏళ్ల వెనకది, మిగతావీ ఏవీ గుర్తులేవు. లోపల గుండీ అంత సెల్లు ఒకటి ఉంటుంది, కరెంటు లేనప్పుడు ఆ గుర్తులను కాపాడేది అదే. అది ఎప్పుడో చచ్చింది. ఇన్వర్టర్ ఉంది, నేను మెయిన్ ఎన్నడూ ఆపను కాబట్టి ఇన్నాళ్లూ నడిచిపోయింది.

“నేనొచ్చేసరికి మెయిన్ బందై ఉండె. ఎవరు ఆపిండ్రు?” అని అడిగాను.

“నేనే అన్నా. చావైనోళ్ల దుకాణంల బుగ్గ వెలగొద్దంటరు గదా. నువ్వు ఎట్లున్నోనివి అట్లనే ఉరికినవు. నేనే ఇన్వర్టర్, మెయిన్ రెండూ బందు చేసి షట్టర్ గుంజిన.” పంక్చరతని ముఖం చిన్నబోయింది. “ఖరాబైందా?”

“నీదేం లేదు తియ్యి,” అన్నాను. నిజంగానే అతనిదేం లేదు. బాపు మీద గౌరవంతో చేశాడు.

బస్టాండ్ దగ్గర గడియారాల దుకాణంలో సెల్లు తెచ్చి వేశాను. తేదీ దిద్దాలి. మీట నొక్కుతుంటే ఒక్కో ఏడూ ముందుకు జరుగుతోంది. బోరు ఎండిన ఏడు. తెలంగాణ వచ్చిన ఏడు, బాపు ముఖం నిండా గులాల్ పూసుకుని ఇంటికొస్తే అమ్మ గుర్తుపట్టలేదు. ఈ దుకాణం పెట్టిన ఏడు. కరోనాలో మూతికి తువ్వాల కట్టుకుని నాకు అన్నం తెచ్చిన ఏడు. ఈ ఏడు రాగానే చెయ్యి ఆపాను.

ఏ డిస్కు నుంచి లేవాలో చూపించాను. రెండు విండోస్‌ల పేర్లూ తెర మీదకొచ్చాయి. పాతదాన్ని నొక్కితే నీలంగా ఒక్కసారి మెరిసి మళ్లీ మొదటికెళ్లింది. కొత్తదీ అంతే. పంక్చరతను ఊపిరి బిగబట్టాడు, నేను బిగబట్టలేదు. సెటప్‌లో వెతికితే, డిస్కును చదివే పద్ధతి కూడా కొత్త రకానికి మారిపోయి ఉంది. దాన్ని నేను విండోస్‌లు వేసినప్పటి పాత రకానికి తిప్పాను. ఈసారి పాత విండోస్ లేచింది. ఫోటో ఉంది.

శ్రద్ధాంజలి ఫ్లెక్సీ ఎవరూ కొత్తగా చేయరు. వెనుకటి మనిషిది తెరిచి, పేరు మార్చి, ముఖం కత్తిరించి, తెల్లచొక్కా, జరీ కండువా ఉన్న ఒంటి మీద అతికిస్తాం. మండలంలో పోయిన మగవాళ్లందరికీ నా దగ్గర ఒకటే ఒళ్లు. నా చెయ్యి దానంతటది బాపు ముఖం కత్తిరించి ఆ ఒంటి మీద పెట్టింది. అతుకు కూడా కనబడలేదు. ఎవరో గిరాకీ తెచ్చిచ్చిన ఫోటోలా ఉన్నాడు.

“మంచిగున్నడన్నా,” అన్నాడు పంక్చరతను. తెర దగ్గరికి వంగి, “బాపు గసుంటి బట్టలు ఎన్నడు తొడిగిండు?” అన్నాడు.

వెనక్కి పోయే మీట నొక్కాను. కండువా పోయింది, తెల్లచొక్కా పోయింది. గళ్లచొక్కా వచ్చింది. జేబులో బీడీ కట్ట. పై గుండీకి అమ్మ వేసిన ఎర్రదారం. ఫోటో తీసిన రోజు నేను ఇట్లాగే ఎవరికో తెల్లచొక్కా తొడుగుతుంటే స్టూలు మీద నుంచి చూసి బాపు అన్నాడు, “నాకు మాత్రం గీ పీనుగుల అంగి ఎయ్యకురా.” అని, తన మాటకు తనే నవ్వాడు. నేను తీసింది ఆ నవ్వునే.

అప్పుడొచ్చింది ఏడుపు. కీబోర్డు మీద తలపెట్టి పెద్దగా ఏడ్చాను. పంక్చరతను బయటికి వెళ్లి, రోడ్డున పోయేవాళ్లకు నేను కనబడకుండా షట్టర్ సగం గుంజాడు. మెయిన్ జోలికి మాత్రం పోలేదు.