ఆపరేషన్ ఆయనకు, పుట్టిల్లు నాది

నా చేతిలోని సంచి లాక్కుని మా ఆయన తన భుజానికి తగిలించుకున్నాడు. అందులో నా నైటీలు, ఫ్లాస్కు, అమ్మ దంచి తెచ్చిన మిరియాల పొడి ఉన్నాయి. మదనపల్లె ఆస్పత్రి వరండాలో నేను ఏడుస్తున్నాను. రక్తం తక్కువగా ఉంది, ఇప్పుడు నీకు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయలేమని డాక్టరమ్మ చెప్పేసింది.

రెండో పాప పుట్టినప్పుడు రక్తం పోయి చచ్చి బతికాను. మూడో కాన్పు అంటేనే వణుకు. ఇద్దరు ఆడపిల్లలు చాలని మేమిద్దరం ఎప్పుడో అనుకున్నాం. మా వైపు ఆపరేషన్ అయిన ఆడదాన్ని పుట్టింటివాళ్లే తీసుకుపోయి చూసుకోవాలి. అందుకే కుప్పం నుంచి అమ్మ వచ్చింది.

"డాక్టరమ్మా, అయితే నాకు చెయ్యండి," అన్నాడు మా ఆయన.

మా అత్త చివాలున లేచింది. "మగోడికి ఆపరేషనా! రేపు టమాటా బాక్సులు ఎవురెత్తేది, నీ పెండ్లామా?"

"కొన్నాళ్లు బరువులు ఎత్తకుంటే సాలమ్మా. నీ కొడుకు బలం యాడికీ పోదు," అని నర్సమ్మ నవ్వింది. మూడు నెలలు మాత్రం గర్భం రాకుండా ఇద్దరూ జాగ్రత్తగా ఉండి, తర్వాత ఆయన్ని పరీక్షకు రమ్మంది.

అత్త తిట్లు ముగియకముందే ఆయన ఆపరేషన్ గదిలోంచి బయటికొచ్చాడు. నడుచుకుంటూ!

"అయిపాయ. నువ్వేంది మే, ఇంగా ఏడస్తాండావు?"

"ఇంటికి పదరా," అంది అత్త.

అమ్మ అడ్డం వచ్చింది. "యాడికి వదినా? ఆపరేషన్ అయినోళ్లని తీసకపోయేది మా వంతు. రా అల్లుడా, కుప్పం బస్సు ఉండాది."

"మగోన్ని బాలింత మాదిరి తీసకపోతావా? ఊర్లో నవ్వుతారు!"

"నవ్వనీలే వదినా. మిరియాల చారు పోసేది నేను."

అత్తకే నవ్వొచ్చేసింది. అమ్మ వెంట ఆయన బస్సెక్కి కిటికీలోంచి అరిచాడు. "మూడు పూట్లా తిండి, పనే ల్యా! కుళ్లుగా ఉండాదా మే?"

"సంచిలో అన్నీ నా నైటీలే!" అని నేనూ అరిచాను. బస్సు కదిలిపోయింది. బస్టాండులో అందరూ చూస్తున్నా నవ్వు ఆపుకోలేకపోయాను. మూడు నెలలు గడిస్తే, ఆ పరీక్ష ఒక్కటి అయితే, ఇంక నాకు ఆ భయమే ఉండదు!

మరుసటి రోజు పొద్దున్నే డాక్టరమ్మ ఇచ్చిన రక్తం పట్టే మాత్ర మింగాను. పుంగనూరు పక్కన మా చేలో టమాటా బాక్సును అత్త ఒక వైపు, నేను ఒక వైపు పట్టి, ఆయన టీవీఎస్ బండి మీదికి ఎక్కించాం. కొంగు దోపుకుని, మార్కెట్టుకు నేనే తోలుకుపోయాను.