లీలారాణిగారి ఎడమ చెంప

లీలారాణిగారి రెండు చెంపలూ ఒకే రంగులో ఉండగా చూసినవాళ్లు ఆ ఏడాది గజపతినగరంలో లేరు. కుడి చెంప దేవుడిచ్చిన చామనఛాయలో ఎప్పుడూ ఒకేలా ఉండేది. ఎడమ చెంప మాత్రం వారానికో రంగు. ఓ వారం పసుపు, ఓ వారం వేపాకు పచ్చ, ఓ వారం తడిసిన ఇటుక రంగు. కొత్తగా వచ్చిన పోస్టుమేన్ అయితే ఎజ్రా స్నో కంపెనీలో ఇద్దరు మేడమ్‌లు ఉన్నారనీ, పోస్టు ఇచ్చేటప్పుడు ఒకావిడా, సంతకం పెట్టి అటు తిరిగాక ఇంకొకావిడా కనిపిస్తున్నారనీ నెల్లాళ్లు అనుకున్నాడు.

ఆ రెండు చెంపల మధ్య నలిగిపోయినవాడు మేనేజరు అప్పలసూరి. ముప్ఫై ఒక్క ఏళ్ల సర్వీసు. గంజిపెట్టిన చొక్కా, జేబులో రెండు పెన్నులు. కంపెనీ పరువంటే తన సొంత మడిచెక్క అన్నంత ప్రేమ. మిషను ఆసుపత్రిలో కాంపౌండరుగా చేసిన ఎజ్రాగారు 1951లో పెట్టిన కంపెనీ అది. గాజు సీసాలో స్నో, అట్టపెట్టెలో సున్నిపిండి, రేకుడబ్బాలో గంధం పౌడరు. మూడు తరాల ఆడవాళ్లు ఆ సీసా ఖాళీ అయ్యాక పోపుదినుసులు పోసుకున్నారు. తర్వాత ట్యూబులొచ్చాయి, రూపాయి పేకెట్లొచ్చాయి. ఎజ్రాగారి పెద్దకొడుకు ఏసురాజుగారు వాటిని చూసి కంగారుపడి, పాత సరుకుకి తోడు ఏడాదికో కొత్తది మొదలెట్టారు. మొత్తం పద్దెనిమిది రకాలయ్యాయి. ఒక్కటీ సరిగా కదల్లేదు. 2012 చివర్లో ఆయన గుండె ఆగి, అంతే నెమ్మదిగా వెళ్లిపోయారు.

విశాఖలో ఉద్యోగం చేసుకునే తమ్ముడు పాల్ వచ్చి, కంపెనీ షెడ్డు ఫంక్షన్ హాలు కట్టేవాడికి అమ్మేద్దామన్నాడు. బడిలో కుట్టుపని నేర్పే వదిన లీలారాణిగారు, లోపల పని చేస్తున్న పదకొండుమంది ఆడవాళ్ల వంక చూసి, ఏడాది ఆగమన్నారు. పాల్ చెడ్డవాడు కాదు. లెక్కలు చూడటం వదినకి రాదు కాబట్టి, ఆవిడకి తెలిసేలా ఓ గుర్తు పెట్టాడు. సరుకు తీసుకెళ్లే లగేజీ ఆటో డిసెంబరు నెలలో ప్రతి శుక్రవారం నిండుగా వెళ్లాలి. ఒక్క శుక్రవారం తప్పినా సంతకం పెట్టేయాలి. అప్పటికి ఆ ఆటోలో సగం సరుకు ఉంటే, మిగతా సగంలో డ్రైవరు రాముడు తన అత్తవారి కొబ్బరికాయలు వేసుకెళ్లేవాడు.

కొత్త యజమానురాలు మంచి చీర కట్టుకొచ్చి కుర్చీలో కూర్చుంటారని అప్పలసూరి ఆ కుర్చీకి కొత్త దిండు వేయించాడు. ఆవిడ కుర్చీ వైపు వెళ్లనే లేదు. స్టూలు మీద కూర్చుని, పద్దెనిమిది రకాలూ తెప్పించుకుని, మొదటిదాని మూత తీసి ఎడమ చెంపకి పూసుకున్నారు.

“ఇదేటమ్మగారూ?” అన్నాడు అప్పలసూరి.

“ఊరందరి మొహాలకీ పూస్తన్నాం కదా బావు. మన మొహం ఏటి పాపం సేసింది?”

“మరి ఆ రెండో సెంప?”

“అది సాచ్చెం.”

ఒక్కో రకం ఎనిమిది రోజులు. ఎనిమిదో రోజు సాయంత్రం రెండు చెంపలూ అద్దంలో పక్కపక్కన చూసుకుని, నోటుబుక్కులో తీర్పు రాసేవారు. ఒకటి దురద. ఒకటి ఫినాయిలు వాసన. ఒకటి దిండుగలీబుకి అంటుకుని, ఎన్ని ఉతుకులకీ వదల్లేదు. “గోడలకైతే బాగుంటాది” అని ఒకదాని కింద రాశారు. జూన్ నెల వచ్చేసరికి పదిహేను రకాలు ఆ చెంప మీదే ప్రాణాలు విడిచాయి. స్నో, సున్నిపిండి, గంధం పౌడరు, ఈ మూడే మిగిలాయి. మూడూ ఎజ్రాగారు మొదట్లో చేసినవే.

ఈలోగా ఆ చెంప ఊరంతా తిరిగింది. విజయనగరం బస్సెక్కితే పంటిపోటనుకుని లవంగం పెట్టుకోమని ఒకావిడ, ఉప్పునీళ్లు పుక్కిలించమని ఇంకొకావిడ, పీకించేయమని కండక్టరు. ఆవిడ అందరికీ తలూపి, దిగేలోగా నలుగురి చేతుల్లో తలో చిటికెడు సున్నిపిండి పెట్టి దిగేవారు. ఆధార్ కార్డు ఫొటోకి వెళితే, అక్కడి ఆపరేటరు తెరవైపూ ఆవిడవైపూ మార్చి మార్చి చూసి, ఎవరో ఒక్కరే రావాలమ్మా అన్నాడట. ఒక ఆదివారం చర్చిలో పాస్టరుగారు రెండో చెంప చూపించడం గురించి ప్రసంగం ఎత్తుకున్నారు. సగంలో ఆయన చూపు లీలారాణిగారి మీద పడింది. ప్రసంగం మిగతా సగం ఇంతవరకూ ఎవరూ వినలేదు.

అప్పలసూరికి తలకొట్టేసినట్టుండేది. కానీ షెడ్డులో ఏదో మారుతోందని అతనికీ తెలుస్తూనే ఉంది. పెసలు వేయించి సున్నిపిండి పట్టే కూర్మమ్మ, మూడేళ్లుగా చెంపలు కనపడకుండా కొంగు చుట్టుకుని దొడ్డి గుమ్మం దగ్గర విడిగా కూర్చునేది. ఉగాదితో పని మానేస్తానని కూడా చెప్పింది. ఉగాది వచ్చింది, వెళ్లింది. కూర్మమ్మ మానలేదు సరికదా, జల్లెడ పట్టుకుని అందరి మధ్యకీ వచ్చి కూర్చుంది. అప్పలసూరి దాన్ని పెద్దగా పట్టించుకోలేదు. అతని బెంగ అంతా లేబుళ్ల మీద ఉంది.

మూడు సరుకులకీ కొత్త లేబుళ్లు వేయించాలని లీలారాణిగారు విజయనగరంలో ఒక ప్రెస్సుకి ఫోన్ చేశారు. అప్పుడు ఎడమ చెంప మీద సున్నిపిండి ఎండి బిగుసుకుపోయి ఉంది. నోరు కుడివైపు మాత్రమే తెరుచుకుంటోంది. అవతల ఫోనెత్తింది రేఖ అనే అమ్మాయి. కర్నూలు పిల్ల, ప్రెస్సులో చేరి పది రోజులయింది. ఆవిడ చెప్పింది చెప్పినట్టు టైపు చేసింది. అచ్చు వేసే ముందు సరిచూసుకోమని ఒక కాగితం పంపించింది. దాని మీద పెద్దక్షరాల్లో ఉంది: సెంపకి సల్లన, సర్మానికి సక్కన.

అప్పలసూరి ఆ కాగితం పట్టుకుని చెమటలు తుడుచుకున్నాడు. వెంటనే ప్రెస్సుకి ఫోన్ చేశాడు.

“సూడమ్మా, తప్పు పడిపోనాది. ‘సెంప’ కాదు. ‘సెంప’ అని ఉండాలి.”

“అదే ఉంది కదా సార్.”

“అది కాదమ్మా. సెంప. స కాదు. స.”

రేఖ కాసేపు ఆలోచించింది. చదువుకున్నవాడు గట్టిగా చెబుతున్నాడంటే ఏదో ఉండి ఉంటుందనుకుంది.

“అర్థమైంది సార్. సున్న గొంచెం పెద్దగా పెట్టమంటారు, అంతే కదా?”

పదివేల లేబుళ్లు వచ్చాయి. సున్న పెద్దగా ఉంది. మళ్లీ వేయించే స్తోమత లేదు. తప్పు ప్రెస్సుదని అందామంటే, ఫోన్ చేసి సరిదిద్దించింది తనే. లీలారాణిగారు మాత్రం ఒక లేబులు చేతిలోకి తీసుకుని, గట్టిగా చదివి, బాగానే ఉంది కదా బావు, ఇందులో తప్పేటి అన్నారు. అప్పలసూరి నోరు తెరిచి, తను ఏ అక్షరం పలుకుతాడో తనకే నమ్మకం లేక, మూసుకున్నాడు. ఆ శుక్రవారం లేబుళ్లు కనపడకుండా సీసాలన్నీ వెనక్కి తిప్పి ఆటోలో పెట్టించాడు.

సంతలో ఒకావిడ సీసా తిప్పి చదివింది. పక్కావిడని పిలిచి చదివి వినిపించింది. ఇదేటే, ఈ సీసా మనలాగే మాటాడతన్నాది అని ఇద్దరూ నవ్వుకుని చెరొకటీ కొన్నారు. చదువురానివాళ్లు కూడా లేబులు చదివించుకుని మరీ కొన్నారు. శ్రీకూర్మం దర్శనానికి వచ్చినవాళ్లు చుట్టాలకి పట్టుకెళ్లారు. ఎచ్చెర్ల యూనివర్సిటీ హాస్టలు అమ్మాయిలు సీసాని చెంపకానించుకుని ఫొటోలు తీసుకుని ఫోన్లలో పంపుకున్నారు. దీపావళి దాటేసరికి రాముడి కొబ్బరికాయలకి ఆటోలో చోటు లేకుండా పోయింది. అతను అత్తవారి మొహం ఎలా చూడాలని నెమ్మదిగా అడిగితే, లీలారాణిగారు రెండు స్నో సీసాలిచ్చి పంపించారు.

డిసెంబరులో మూడు శుక్రవారాలు ఆటో నిండుగా వెళ్లింది. నాలుగోదానికి మాత్రం కష్టం వచ్చిపడింది. సంతలన్నీ ఒక విడత కొనేసుకున్నాయి. దుకాణాల్లో ఉన్న సరుకే ఇంకా ఉంది. మిగిలిన ఆశ ఒక్కటే. శ్రీకాకుళంలో హోల్‌సేలు వ్యాపారం చేసే జగన్నాధంగారు, సరుకు తయారయ్యేచోటు చూసి నచ్చితే జిల్లా అంతటికీ నెలనెలా తీసుకుంటానన్నారు. గురువారం పొద్దున్నే కారు దిగారు.

అప్పలసూరి కొత్త చొక్కా వేసుకుని దగ్గరుండి తిప్పాడు. అన్నీ చూసి, షెడ్డు మధ్యకి వచ్చాక జగన్నాధంగారు ఆగిపోయారు. అప్పలసూరిని పక్కకి లాగి గొంతు తగ్గించారు.

“ఆవిడ సెంపేటి అలాగున్నాది?”

అప్పలసూరి సిగ్గుతో ముడుచుకుపోయాడు. “ఏటి సెప్పమంటారు బాబూ. ఏడాదినుంచి నేనూ మొత్తుకుంటన్నాను. వినరు.”

“మరి ఆవిడ సేత సరుకు ముట్టిస్తన్నారేటి?”

“ముట్టుకోవద్దని ఎలా సెప్తామండి. ఆవిడ మా ఓనరు.”

జగన్నాధంగారు అయోమయంగా చూసి, ఓనరు గురించి కాదయ్యా అని, వేలుపెట్టి కూర్మమ్మని చూపించారు. అప్పలసూరి అటు చూశాడు. కూర్మమ్మ ఎడమ చెంప మీద అరచేతంత బొల్లి మచ్చ ఉంది. మూడేళ్లుగా ఉన్నదే. ఆ కొంగు ఎప్పుడు తొలిగిందో, ఆ మచ్చని తను చూడటం ఎప్పుడు మానేశాడో అప్పలసూరికి ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు.

షెడ్డంతా వినేసింది. కూర్మమ్మ చెయ్యి కొంగు కోసం వెతుక్కుంది. ఈలోగా లీలారాణిగారు స్టూలు దిగి వచ్చి, జగన్నాధంగారి ముందు నిలబడి, ఎడమ చెంప ఆయనవైపు తిప్పారు. ఆ రోజు అది బంతిపువ్వు రంగులో ఉంది.

“బాబుగారూ, బొల్లి అంటుకునే జబ్బు కాదు. మిషను డాక్టరమ్మని అడగండి. నెలల తరబడి కూర్మమ్మ సేతి పిండే ఈ సెంపమీద ఉన్నాది. దగ్గరికొచ్చి సూడండి. సరుకు కావాలంటే కూర్మమ్మ పట్టిందే తీసుకోండి. ఒద్దంటే మజ్జిగ తాగి ఎళ్లండి.”

అప్పలసూరి కళ్లముందు నాలుగో శుక్రవారం ఆటో ఖాళీగా వెళ్లిపోయింది. ఫంక్షన్ హాలు లేచింది. అందులో ఎవరిదో పెళ్లి కూడా అయిపోయింది.

జగన్నాధంగారు ఆ చెంపని చాలాసేపు చూశారు. కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చూశారు. మజ్జిగ తాగారు. గ్లాసు కింద పెడుతూ, తనకేమీ పట్టింపు లేదనీ, ఇంట్లో ఆవిడ ఈ సీసా తప్ప ఇంకోటి ముట్టడం లేదనీ, వట్టి చేతుల్తో వెళితే శ్రీకాకుళంలో తనకి మజ్జిగ కూడా పుట్టదనీ చెప్పారు. తర్వాత కూర్మమ్మవైపు తిరిగి, ఏటమ్మా, రేపటికి ఆటో నిండా పిండి పట్టగలవా అని అడిగారు. చూస్తాను బాబూ అంది కూర్మమ్మ. అనడం మాత్రం కొంగు సర్దుకోకుండానే అంది.

శుక్రవారం పాల్ వచ్చేసరికి, రాముడు తనకే కూర్చునే చోటు లేక ఒంటి తుంటి మీద కూర్చుని ఆటో నడుపుకుపోతున్నాడు. పాల్ దాన్ని మలుపు తిరిగేదాకా చూశాడు. సరే వదినా, ఆ హాలువాడికి నేను చెప్పుకుంటాలే అన్నాడు. పదకొండుమంది ఆడవాళ్లూ అప్పుడు ఊపిరి వదిలారు. పాల్‌కి ఎందుకైనా మంచిదని ఒక గంధం పౌడరు డబ్బా ఇచ్చారు.

మర్నాడు అప్పలసూరి బల్ల సర్దుతూ లీలారాణిగారి నోటుబుక్కు తిరగేశాడు. చివరి తీర్పు జూన్ ఇరవై ఎనిమిదిన ఉంది. ‘మూడూ ఖాయం. ఇంక పరీచ్చ లేదు.’ ఆ తర్వాత పేజీలన్నీ తెల్లగా ఉన్నాయి. జూన్‌నుంచి ఇప్పటిదాకా ఆరు నెలలు. పరీక్షే లేకపోతే ఆ పసుపేమిటి, ఆ పచ్చేమిటి, నిన్నమొన్నటి బంతిపువ్వేమిటి. వెళ్లి అడిగితే, అలవాటైపోనాది బావు అని ఆవిడ అటు తిరిగి సీసాలు సర్దుకున్నారు. అటు తిరిగిన మొహంలో కుడి చెంపే కనపడింది. అది అబద్ధం చెప్పలేదు.

అప్పలసూరి అక్కడే నిలబడి చాలాసేపు ఆలోచించాడు. ఒకే గదిలో రెండు రంగుల చెంపలు ఇద్దరికుంటే, అందులో ఒకరు యజమానురాలైతే, ఎవరు ఎవరిని చూసి నవ్వుతారు. ఈ సంగతి తెలిసినవాడు ప్రపంచంలో తనొక్కడే అనిపించింది. తిన్నగా కూర్మమ్మ దగ్గరికి వెళ్లి, పక్కన చతికిలబడి, చాలా పెద్ద రహస్యం చెబుతున్నట్టు చెప్పాడు.

కూర్మమ్మ జల్లెడ ఆపలేదు.

“తెలుసు బావు. వానాకాలంనుంచీ తెలుసు.”

“తెలిసి ఊరుకున్నావా? నీ కోసం ఆవిడ అలాగ తిరగడం దేనికీ, మానీమని సెప్పొచ్చు కదా?”

“నాకేటి, నేను ఎప్పుడో మరిసిపోనాను. కానీ ఆవిడికి కావాలి కదా. అయ్యగారు పోయిన్నుంచి పొద్దున్నే లేచి అద్దం ముందు నిలబడ్డానికి ఏదో ఒక పని ఉండాలి. అందుకని రోజూ నేనే సున్నిపిండిలో రంగు కలిపి పంపిస్తన్నాను. ఒకే రంగైతే ఇసుగొస్తాదని మారుస్తన్నాను. ఇయ్యాల బీటురూటు ఏసేను.”

గుమ్మంలో చెప్పుల చప్పుడైంది. లీలారాణిగారు లోపలికి వస్తున్నారు. కుడి చెంప ఎప్పటిలాగే ఉంది. ఎడమ చెంప కొత్తపెళ్లికూతురు సిగ్గుపడ్డంత ఎర్రగా ఉంది.

అప్పలసూరి లేచి నిలబడి, చొక్కా సర్దుకుని, ముప్ఫై ఒక్క ఏళ్ల సర్వీసులో మొదటిసారి సరుకు గురించి తన అభిప్రాయం చెప్పాడు.

“ఈ రంగు మీకు బాగుందమ్మగారూ.”