వంతెన మీద ఒక సెకను

“...చప్పుడు పెరిగింది గానీ ఇంజను బలం పెరగలేదన్నయ్యా, ఎన్నిసార్లు చెప్పాలి నీకు!” అన్నాడు మెకానిక్.

“నీ నోటిమాట ఎవడిక్కావాలి? ఇదిగో, చూడు,” అంటూ పికప్ యజమాని డాష్‌బోర్డుకి అంటించిన చీటీ చూపించాడు.

యాభై దాటిన మనిషి. పొద్దున్నే అద్దాలు తుడిచి, నాలుగు టైర్లనూ కాలితో తట్టి చూస్తేగాని బండెక్కడు. బండికి ఏ మార్పు చేయించినా, ముందూ తర్వాతా ఖాళీ బండిని ఒకే గేరులో వంతెన ఎక్కించి, పైకి చేరడానికి ఎన్ని సెకన్లు పట్టిందో రాసుకుంటాడు. ఇంజనుకి గాలి అందించే కంపెనీ గొట్టం తీయించి బయట కొన్నది బిగించక ముందు ఇరవై. ఇప్పుడు పందొమ్మిది. మూడుసార్లు చూశాడు, మూడుసార్లూ అంతే. ఇంట్లో వినేవాళ్లు లేరు గనక ఆ సంగతి చెప్పడానికి వారంలో ఇది మూడోసారి షెడ్డుకి రావడం.

“అప్పుడూ ఇప్పుడూ బరువు ఒకటేనా?”

“ఒకటే. డీజిలు కూడా సగం ట్యాంకే.”

“గడియారం ఎవరు చూశారు?”

“ఇప్పుడు నేనే. అప్పుడు మీ వదిన. పక్కన కూర్చుని, ఇదేమన్నా విమానమా అని తిడుతూ...”

ఆమె పోయి రెండు నెలలైంది. మెకానిక్ గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు.

“అరవై కిలోలుండేది మీ వదిన,” అన్నాడు యజమాని, చీటీ మీది ఇరవైని వేలితో తడుముతూ.

మెకానిక్ బానెట్ మూయబోయాడు.

“ఉండు తమ్ముడూ. ఆ కొత్తది తీసెయ్. పాతదే బిగించు.”