ఐరిష్ రాగానికి ఇనుప విరుగుడు

నా ఫ్యామిలీ వీసా కాగితం మీద సంతకం పెట్టాల్సిన మనిషి ఎదుటే, ఆయన కన్నతల్లి గుప్పిట్లో నేను స్టోర్ తాళపుచెవుల గుత్తి కుక్కాను. ఎందుకు కుక్కానో చెబితే మీరు నవ్వుతారు. నవ్వండి. ఆ రోజు మాత్రం అక్కడ ఒక్కరూ నవ్వలేదు.

అప్పుడు నేను సోహార్‌లో ఒక కన్‌స్ట్రక్షన్ కంపెనీకి స్టోర్‌కీపర్‌ని. పదో తరగతిలో బడి నన్ను వదిలేసింది గానీ పుస్తకాన్ని నేను వదల్లేదు. కంపెనీ పని మీద మస్కట్ వెళ్లినప్పుడల్లా బౌషర్‌లో ఒక చిన్న లైబ్రరీలో దూరేవాణ్ణి. ఒక్క తేనెటీగ లేకుండా తేనెటీగల పెంపకం, ఓడ మెట్టు ఎక్కకుండా ఓడ నడిపే విద్య అక్కడే నేర్చుకున్నాను. అలా చేతికి వచ్చిందే ఐర్లండ్ వాళ్ల టిన్ విజిల్ పుస్తకం. విజిలంటే ఆటల్లో ఊదే ఈల కాదండీ. జానెడున్నర రేకు గొట్టం, ఆరు రంధ్రాలు, కొసన ప్లాస్టిక్ మూతి. మస్కట్‌లోనే అల్ హైల్‌లో పాత సామాన్ల కొట్టులో ఒకటి దొరికింది.

వాళ్ల గంతుల పాటలు నాకు అబ్బలేదు. వేళ్లు సిమెంటు బస్తాల్లా కదిలేవి. స్లో ఎయిర్లు మాత్రం నా కోసమే పుట్టాయనిపించింది. అవి నిదానపు రాగాలు. వాటికి దరువు ఉండదు, మనిషి మాట్లాడినట్టు సాగాలి. అసలు పేర్లు నోరు తిరగక నేనే పేర్లు పెట్టుకున్నాను: మునిగిన పడవ, తిరిగిరాని గుర్రం, అన్నిటికన్నా ఇష్టమైనది సముద్రం అవతలి ఇల్లు. ఈ మూడోదానిలో ఒకచోట స్వరం పైకి ఎక్కి, దిగాలా వద్దా అని కాసేపు తటపటాయించి, మెల్లగా జారుతుంది. అక్కడికి రాగానే జగిత్యాలలో ఉన్న మా ఆవిడ లావణ్య, ఫోన్ పెట్టేసే ముందు "మంచిది మరి" అనే గొంతు నాకు వినిపించేది.

రూమ్‌లో నాతో ఉండే కంపెనీ డ్రైవర్ సత్తన్నకు వేరే వినిపించేది.

"ఎవలు సచ్చిన్రు తమ్మీ?"

"ఎవలు సావలే అన్నా. ఇది ఐరిష్ సంగీతం."

"గట్లయితే ఆ దేశంల ఎవలో సచ్చిన్రు. నన్ను గింత బువ్వ తిననియ్యి."

ఇక అసలు సంగతి. కంపెనీలో ఫ్యామిలీ క్వార్టర్ ఒకటి ఖాళీ అయింది. శనివారం మధ్యాహ్నం లోపల మా మేనేజర్ సంతకం పడితే లావణ్య వస్తుంది. పడకపోతే క్వార్టర్ ఇంకో సెక్షన్‌కు పోతుంది. పెళ్లయి నాలుగేళ్లయినా మేం కలిసి ఉన్నది సెలవుల్లోనే. నా కాగితం మాత్రం ఆయన బల్ల మీద పేపర్‌వెయిట్ కింద గాలి ఆడక పడి ఉంది. ఎప్పుడు అడిగినా "చూద్దాం" అనేవాడు.

ఆ మేనేజర్‌ది ఐర్లండే. సోమవారం మధ్యాహ్నం స్టోర్ వెనక నీడలో నేను వాయిస్తుంటే వచ్చి నిలబడ్డాడు.

"ఎవరు నేర్పారు?"

"లైబ్రరీ, సార్."

"మా అమ్మ వచ్చి ఉంది. గురువారం సాయంత్రం ఇంటికి వచ్చి వాయించు. నీ కాగితం సంగతి ఆ తర్వాత చూద్దాం."

నాకు కాళ్లు నేల మీద ఆనలేదు. పుస్తకం గడువు మర్నాటితో తీరిపోతుంది. "వినేవాళ్ల పద్ధతులు" అనే చివరి అధ్యాయం ఒక్కటే మిగిలింది. వినడానికి పద్ధతేమిటి, చెవులుంటే చాలదా అనుకుని, అది చదవకుండానే మర్నాడు మస్కట్ పోయే కంపెనీ బండెక్కి వాపసు ఇచ్చేశాను. ఈ వాక్యం దగ్గర ఒక్క క్షణం ఆగి నన్ను జాలిగా చూడండి.

గురువారం స్టోర్ మూసి, తాళపుచెవుల గుత్తి నడుముకు తగిలించుకుని, సరాసరి సత్తన్న బండి ఎక్కాను.

"తమ్మీ, జర ఉషారు పాట కొట్టు. తల్లిని ఏడిపిస్తే కొడుకు సంతకం పెడ్తడా?"

"నీకు తెల్వదన్నా. నేను పుస్తకం సదివిన."

వరండాలో మేనేజర్, అతిథులుగా వచ్చిన నలుగురు ఇంజినీర్లు, పేము కుర్చీలో ఎనభై ఏళ్ల ముసలమ్మ. ఆమె పక్క కుర్చీలో సత్తన్నను కూర్చోబెట్టి, చేతికి టీ ఇచ్చారు. నేను సముద్రం అవతలి ఇల్లు ఎత్తుకున్నాను. మొదటి వరుస గడిచింది. మేనేజర్ ముఖం మూసిన ఫైలులా ఉంది.

స్వరం పైకి ఎక్కే చోటు వచ్చింది. ముసలమ్మ కళ్లు మూసుకుంది. ఆమె చేయి మెల్లగా లేచి సత్తన్న మణికట్టు పట్టుకుంది. పట్టుకుని గుండ్రంగా తిప్పడం మొదలుపెట్టింది, తిరగలి తిప్పినట్టు. టీ సగం సత్తన్న ప్యాంటు మీద పడింది. ఆమె పెదవులు వణుకుతున్నాయి. తల ఊగుతోంది.

"తమ్మీ," అన్నాడు సత్తన్న పళ్ల సందులోంచి. "ముసలమ్మకు ఏమో అయితుందిరా!"

చుట్టూ చూశాను. ఎవరికీ పట్టలేదు. కొడుకు కూడా కళ్లు మూసుకున్నాడు! కళ్లు మూతపడటం, పెదవుల వణుకు, చేయి తిరగడం, ఈ గుర్తులన్నీ నాకు తెలుసు. ఇది ఫిట్సే. ఇంతమంది ఇంజినీర్లున్నారు, చేతిలో ఇనుము పెట్టాలని ఒక్కడికి తెలియదు! ఆమె పోతే? నా పాట వింటూ పోతే? ఆ కాగితం మీద ఇక ఎవరు సంతకం పెడతారు?

స్వరాన్ని పైనే వదిలేసి ఒక్క దూకు దూకాను. నడుముకున్న గుత్తి లాగి, ఆమె వేళ్లు విడదీసి లోపల కుక్కి, నా రెండు చేతులతో గుప్పిట బిగించాను.

"ఫిట్స్! జరగండి! గాలి రానివ్వండి!"

సత్తన్న కప్పు కింది సాసర్‌తో విసరడం మొదలుపెట్టాడు.

ముసలమ్మ కళ్లు తెరిచింది. గుప్పిట్లోని తాళపుచెవులను చూసింది. నన్ను చూసింది.

"ఎందుకు ఆపావు?"

మేనేజర్ లేచి నిలబడ్డాడు. "ఏం చేస్తున్నావు నువ్వు?"

"సార్... అమ్మ చెయ్యి... తిరుగుతోంది..."

"అది మా ఊరి పద్ధతి," అన్నాడు ఒక్కో మాటా వేరుచేసి. "పాట బాగుంటే పాడేవాడి చేయి పట్టుకుని ఇలా తిప్పుతారు. పాటలో నీకు తోడున్నాం అని చెప్పడం. నీ చేతులు ఖాళీ లేవని ఆమె అతని చేయి పట్టుకుంది. మరి ఈ తాళపుచెవులేమిటి?"

చివరి అధ్యాయం మొత్తం ఒక్కసారిగా నా నెత్తిన పడింది. ఫిట్స్ అన్న మాట వాళ్లంతా విన్నారు. అయినా భయంలో మనిషికి సిగ్గుండదు.

"గౌరవం సార్. మా దగ్గర పాట విని కళ్లు మూసుకున్న పెద్దవాళ్లకు చెవులు సమర్పించుకుంటాం."

"హా సార్," అన్నాడు సత్తన్న, సాసర్ ఆపకుండా. "బహుత్ రెస్పెక్ట్!"

మేనేజర్ మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. ముసలమ్మ మాత్రం గుత్తిని గుండెలకు హత్తుకుంది. కళ్లు తుడుచుకుని, దాన్ని చేతిసంచిలో వేసి జిప్పు లాగింది. "మిగతాది వాయించు నాయనా," అంది. వాయించాను. స్వరం కిందికి జారుతుంటే నా కళ్లు ఆ జిప్పు మీదే ఉన్నాయి. ఇచ్చిన గౌరవాన్ని తిరిగి అడిగే పద్ధతి నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు. కాగితం ఊసు ఎవరూ ఎత్తలేదు. శుక్రవారం తెల్లవారుజామునే ఆమె విమానం ఎక్కేసింది.

శనివారం పొద్దున స్టోర్ ముందు గ్లౌజుల కోసం, హెల్మెట్ల కోసం బారెడు లైను. మేనేజర్ వచ్చాడు.

"తలుపు తియ్."

"చెవులు లేవు సార్."

"ఎక్కడున్నాయి?"

"ఐర్లండ్‌లో, సార్."

"ఇంకో జత?"

"స్టోర్ లోపలే, సార్."

గ్రైండర్ తెచ్చి తాళం కోశారు. నిప్పురవ్వలు లేస్తుంటే అవి నా క్వార్టర్ కాలిపోతున్న మంటల్లా కనిపించాయి. పదకొండున్నర అయింది. మేనేజర్ లోపలికి పిలిచాడు.

"మా అమ్మ ఫోన్ చేసింది. ఆ గుత్తిని వీధంతా తిప్పి చూపించిందట. చెప్పు, అది నిజంగా గౌరవమేనా?"

నేను తల దించుకున్నాను. "ఇనుము, సార్. ఫిట్స్‌కి."

ఆయన కిటికీ వైపు తిరిగాడు. భుజాలు మాత్రం కదులుతున్నాయి. తర్వాత పేపర్‌వెయిట్ ఎత్తాడు.

"నిన్ను ఒంటరిగా ఉంచడం కంపెనీకి ప్రమాదం," అంటూ సంతకం పెట్టాడు. "తెలివైన మనిషి ఒకరు పక్కన ఉండాలి. త్వరగా పిలిపించుకో."

లావణ్య వచ్చింది. క్వార్టర్ గడపలోనే కథంతా చెప్పించుకుని చెయ్యి చాపింది.

"తాళంచెవి ఇటియ్యి. మళ్లెవలకన్న గౌరవం చేస్తవ్."

అందుకే ఈ రేకు గొట్టం మీద చెయ్యి వేసి, మీ అందరి సాక్షిగా రెండు ప్రమాణాలు చేస్తున్నాను. చివరి అధ్యాయం చదవకుండా ఏ పుస్తకమూ తిరిగి ఇవ్వను. ఇంటి తాళంచెవి దగ్గర పెట్టుకుని ఏ రాగమూ ఎత్తుకోను. మొదటిది కొంచెం కష్టమే. రెండోదానికి ఢోకా లేదు. ఆ రోజు గడపలో తీసుకున్న తాళంచెవిని లావణ్య ఇంతవరకూ నా చేతికి తిరిగి ఇవ్వలేదు.